ధ్వనిశాస్త్రానికి అంతర్జాతీయ గుర్తింపు

ధ్వని పుట్టుక, ప్రసారం, గ్రహణం, ప్రభావం గురించి అధ్యయనం చేసే ధ్వనిశాస్త్రం ఒక ప్రత్యేక విజ్ఞాన రంగంగా అంతర్జాతీయ శాస్త్ర వ్యవస్థలో స్థానం పొందిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ కృషిలో ప్రధాన సంస్థ 1951లో ఏర్పడిన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర కమిషన్ (ఐసీఏ). శాస్త్ర సమాఖ్యలతో అనుబంధం, క్రమం తప్పని మహాసభలు, ప్రమాణాల రూపకల్పన, కొలతల ఏకరూపత, ప్రభుత్వాల మధ్య పనిచేసే సంస్థల తీర్మానాలు, ప్రజల్లో అవగాహన కార్యక్రమాలు ఈ గుర్తింపుకు ముఖ్య మార్గాలు. భౌతికశాస్త్రం, ఇంజనీరింగు, వైద్యం, సంగీతం, మనస్తత్వశాస్త్రం వంటి అనేక శాఖల్లో పరచుకుని ఉండటం వల్ల ఈ రంగానికి గుర్తింపు ఒక్కసారిగా, ఒకే చోట రాలేదు. దశలవారీగా, వేర్వేరు వేదికల మీద సమకూరింది.

నిర్వచనం, పరిధి

వాయు, ద్రవ, ఘన పదార్థాలలో యాంత్రిక కంపనాలు తరంగాలుగా ప్రయాణించడాన్ని అధ్యయనం చేసే శాస్త్రం ధ్వనిశాస్త్రం. మనిషి చెవికి సాధారణంగా వినిపించే 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులే కాక, అంతకు దిగువన ఉండే పరశ్రావ్యాలు, ఎగువన ఉండే అతిధ్వనులు కూడా దీని పరిధిలోకి వస్తాయి.

అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆర్. బ్రూస్ లిండ్సే 1964లో ఈ రంగాన్ని ఒక చక్రం రూపంలో చూపించారు. చక్రం నడుమ ధ్వని మౌలిక భౌతికశాస్త్రం ఉంటుంది. దాని చుట్టూ భూ విజ్ఞానాలు, ఇంజనీరింగు, జీవ విజ్ఞానాలు, కళలు అనే నాలుగు పెద్ద విభాగాలు ఉంటాయి. సముద్రగర్భ ధ్వనిశాస్త్రం, భూకంప తరంగాలు, గదుల ధ్వని గుణం, వాక్కు, వినికిడి, సంగీత వాద్యాలు, శబ్ద నియంత్రణ వంటి ఉపశాఖలు వాటి అంచుల్లో ఉంటాయి. రంగం విస్తృతిని ఒకే బొమ్మలో చెప్పడానికి ఈ చక్రాన్ని ఇప్పటికీ వాడుతున్నారు.

ఈ సందర్భంలో గుర్తింపు అంటే నాలుగు విషయాలు: శాస్త్రవేత్తల అంతర్జాతీయ సమాఖ్యల్లో ఈ రంగానికి సొంత ప్రాతినిధ్యం ఉండటం, దీని కొలతలు, ప్రమాణాలు దేశాలన్నిటికీ ఆమోదయోగ్యం కావడం, విద్య, వృత్తి, ప్రచురణల వర్గీకరణలో ప్రత్యేక స్థానం దొరకడం, ప్రభుత్వాలు, ప్రజలు దీని ప్రాధాన్యాన్ని గమనించడం.

చారిత్రక నేపథ్యం

సంగీత శ్రుతుల లెక్కలతో మొదలైన ధ్వని అధ్యయనానికి 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ సోవోర్ ప్రత్యేక శాస్త్రంగా రూపురేఖలు ఇచ్చారు. జర్మనీలో ఎర్నెస్ట్ క్లాడ్నీ 1802లో, హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రచురించిన గ్రంథాలు, ఇంగ్లండులో లార్డ్ రేలీ 1877–78లో రెండు సంపుటాలుగా వెలువరించిన ధ్వని సిద్ధాంత గ్రంథం ఈ శాస్త్రానికి గణిత పునాదిని స్థిరపరిచాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలస్ సబీన్ 1895లో ఒక ఉపన్యాస మందిరంలోని ప్రతినాదాన్ని కొలవడం మొదలుపెట్టారు. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు నిర్మాణంలో ఆయన ఫలితాలను వినియోగించారు.

టెలిఫోను, రేడియో, మాట్లాడే సినిమా వచ్చాక ధ్వనిపై పనిచేసే ఇంజనీర్ల సంఖ్య పెరిగింది. 1928 డిసెంబరులో న్యూయార్క్‌లోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో జరిగిన సమావేశంలో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం ఏర్పాటుకు నిర్ణయం జరిగింది. 1929లో తొలి సభ జరిగింది, పత్రిక కూడా అదే ఏడాది మొదలైంది. వినికిడిపై విశేష పరిశోధన చేసిన హార్వీ ఫ్లెచర్ తొలి అధ్యక్షులు. 1931లో అమెరికన్ భౌతికశాస్త్ర సంస్థ ఏర్పడినప్పుడు ఈ సంఘం దాని వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటిగా చేరింది. జపాన్ ధ్వనిశాస్త్ర సంఘం 1936లో ఏర్పడింది.

రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల జాడ తీసే సోనార్ పరిశోధన ఈ రంగానికి నిధులను, నిపుణులను తెచ్చింది. యుద్ధానంతరం దేశాల మధ్య శాస్త్ర సంబంధాలను పునరుద్ధరించుకునే క్రమంలో ధ్వనిశాస్త్రానికి అంతర్జాతీయ వేదిక అవసరమైంది.

అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర కమిషన్

స్థాపన. 1922లో ఏర్పడిన అంతర్జాతీయ శుద్ధ, అనువర్తిత భౌతికశాస్త్ర సమాఖ్య (ఐయూపీఏపీ) కింద 1951లో ధ్వనిశాస్త్ర కమిషన్ ఏర్పాటైంది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యులు రిచర్డ్ బోల్ట్ తొలి అధ్యక్షులు. ఐరోపాలో ధ్వనిశాస్త్ర పరిశోధనలకు వేదికగా నిలిచిన ‘అకుస్టికా’ పత్రిక ప్రారంభమైనదీ ఆ సంవత్సరంలోనే.

స్వతంత్ర సంస్థగా మార్పు. దాదాపు అర్ధ శతాబ్దం భౌతికశాస్త్ర సమాఖ్యలో అంతర్భాగంగా పనిచేశాక, 1998లో ఐసీఏ స్వతంత్ర నిర్మాణాన్ని పొందింది. భౌతికశాస్త్ర సమాఖ్యకు అనుబంధ కమిషన్‌గా కొనసాగుతూనే, 1946లో ఏర్పడిన అంతర్జాతీయ సైద్ధాంతిక, అనువర్తిత యాంత్రికశాస్త్ర సమాఖ్యకు (ఐయూటీఏఎం) కూడా అనుబంధమైంది. ఈ రెండు అనుబంధాలు రంగం స్వభావాన్ని ప్రతిబింబిస్తాయి. తరంగ సిద్ధాంతం భౌతికశాస్త్రానికి చెందుతుంది. నిర్మాణాల కంపనాలు, ప్రవాహాల్లో పుట్టే శబ్దం యాంత్రికశాస్త్రానికి దగ్గరగా ఉంటాయి.

అంతర్జాతీయ విజ్ఞాన మండలిలో స్థానం. 2006లో అంతర్జాతీయ విజ్ఞాన సంఘాల మండలి (ఐసీఎస్‌యూ) ఐసీఏను శాస్త్రీయ అనుబంధ సంస్థగా స్వీకరించింది. 1931లో ఏర్పడిన ఈ మండలిలో వివిధ శాస్త్రాల అంతర్జాతీయ సమాఖ్యలు, జాతీయ విజ్ఞాన అకాడమీలు సభ్యులు. దాంతో మరో సమాఖ్య ద్వారా కాకుండా నేరుగా మండలి ముందుకు వెళ్లే అవకాశం ధ్వనిశాస్త్రానికి దక్కింది. 2018లో ఈ మండలి అంతర్జాతీయ సామాజిక శాస్త్ర మండలితో విలీనమై, పారిస్ కేంద్రంగా అంతర్జాతీయ విజ్ఞాన మండలి (ఐఎస్‌సీ) అయింది. ఐసీఏ అనుబంధం కొత్త మండలిలోనూ కొనసాగింది.

నిర్మాణం. వివిధ దేశాల ధ్వనిశాస్త్ర సంఘాలు ఐసీఏ సభ్యులు. ప్రాంతీయ సమాఖ్యలు, ప్రత్యేక ఉపశాఖల అంతర్జాతీయ సంస్థలు అనుబంధ హోదాలో చేరతాయి. మూడేళ్లకోసారి మహాసభ సందర్భంగా సర్వసభ్య సమావేశం జరుగుతుంది. ఎన్నికైన పాలకవర్గం మధ్యకాలంలో వ్యవహారాలు చూస్తుంది. పరిశోధన, అభివృద్ధి, విద్య, ప్రమాణీకరణ అనే నాలుగు రంగాల్లో అంతర్జాతీయ సహకారాన్ని పెంచడం సంస్థ లక్ష్యం.

గుర్తింపు మార్గాలు

1. మహాసభలు

తొలి అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర మహాసభ 1953లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో జరిగింది. రెండోది 1956లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో, మూడోది 1959లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగాయి. అప్పటి నుంచి మూడేళ్లకోసారి జరిపే ఆనవాయితీ నిలిచింది. 1968లో టోక్యో, 1980లో సిడ్నీ, 1992లో బీజింగ్, 2016లో బ్యూనస్ ఎయిర్స్, 2019లో ఆఖెన్, 2022లో దక్షిణ కొరియాలోని గ్యోంగ్జు, 2025లో న్యూ ఓర్లీన్స్ ఆతిథ్యమిచ్చాయి. ఐరోపా, ఉత్తర అమెరికాలకు పరిమితమైన రంగం ఆసియాకు, ఆస్ట్రేలియాకు, దక్షిణ అమెరికాకు విస్తరించిన క్రమం ఈ వేదికల జాబితాలో కనిపిస్తుంది.

ప్రధాన సభకు అనుబంధంగా గదుల ధ్వనిశాస్త్రం, సంగీత ధ్వనిశాస్త్రం వంటి అంశాలపై ప్రత్యేక గోష్ఠులు జరుగుతాయి. యువ పరిశోధకులకు ప్రయాణ సహాయం, తొలి దశ పరిశోధకులకు పురస్కారం, చిన్న గోష్ఠులకు ఆర్థిక చేయూత కూడా ఐసీఏ కార్యక్రమాల్లో భాగం.

2. ప్రమాణాలు

ఒక రంగపు నిర్ణయాలు ఇతరులకు ఉపయోగపడాలంటే అవి ప్రమాణాలుగా మారాలి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ఓ) 1947లో మొదలైనప్పటి నుంచీ దానిలో ధ్వనిశాస్త్ర సాంకేతిక సంఘం ఉంది. దాని సంఖ్య 43. శబ్దం, భవనాల ధ్వనిశాస్త్రం, నీటి అడుగు ధ్వనిశాస్త్రం దాని ఉపసంఘాల పరిధులు. మైక్రోఫోన్లు, శబ్ద మాపకాలు, వినికిడి యంత్రాల వంటి పరికరాల ప్రమాణాలను అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక కమిషన్ (ఐఈసీ) 29వ సంఘం చూస్తుంది.

సంగీత శ్రుతి ప్రమాణం ఇందుకు తొలినాళ్ల ఉదాహరణ. ఐరోపా వాద్యబృందాలు ఊరికో శ్రుతి పాటించే కాలంలో, ఫ్రాన్స్ 1859లో ‘ఎ’ స్వరానికి 435 హెర్ట్జ్ పౌనఃపున్యాన్ని చట్టబద్ధం చేసింది. 1885 వియన్నా సమావేశం దాన్నే ఆమోదించింది. 1939 లండన్ సమావేశం 440 హెర్ట్జ్‌ను ఎంచుకుంది. ఐఎస్‌ఓ 1955లో దాన్ని సిఫారసుగా, 1975లో 16వ సంఖ్య గల ప్రమాణంగా వెలువరించింది. గాయకుడి గొంతును బట్టి ఆధార శ్రుతిని ఎంచుకునే కర్ణాటక సంగీతానికి ఇలాంటి స్థిర ప్రమాణం అవసరం లేదు. అయితే ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెల తయారీలో, పాశ్చాత్య వాద్యాలతో కలిసి వాయించేటప్పుడు దీన్ని ఆధారంగా తీసుకోవచ్చు.

3. కొలతల ఏకరూపత

కొలతల అంతర్జాతీయ వ్యవస్థలో పొడవు, ద్రవ్యరాశి, కాలం వంటి రాశులకు సంప్రదింపుల సంఘాలు ఉంటాయి. 1990ల చివరలో ధ్వని, అతిధ్వని, కంపనాలకు కూడా ఇటువంటి ప్రత్యేక సంఘం (సీసీఏయూవీ) ఏర్పడింది. వివిధ దేశాల జాతీయ ప్రయోగశాలలు ఒకే మైక్రోఫోను వంటి పరికరాన్ని వంతులవారీగా కొలిచి, ఫలితాలను పోల్చుకునే ఏర్పాటు దీని ఆధ్వర్యంలో సాగుతుంది.

4. ప్రభుత్వాంతర సంస్థల తీర్మానాలు

2017లో యునెస్కో 39వ సాధారణ సభ నేటి ప్రపంచంలో ధ్వని ప్రాధాన్యంపై, ఉత్తమ పద్ధతుల ప్రోత్సాహంపై ఒక తీర్మానాన్ని ఆమోదించింది. ఫ్రాన్స్‌కు చెందిన ధ్వని ఇంజనీరు క్రిస్టియన్ హ్యుగొనే నేతృత్వంలోని ‘లా సెమేన్ ద్యు సోన్’ అనే సంస్థ కృషి దీని వెనక ఉంది. ఆరోగ్యం, శబ్ద పర్యావరణం, ధ్వని ముద్రణ, దృశ్య–శ్రవణ సంబంధం, సంగీత వ్యక్తీకరణ వంటి అంశాలను ఈ తీర్మానం ఒకే చోట ప్రస్తావించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వినికిడి, శబ్దాల అంశంలో మరో మార్గంలో పనిచేస్తోంది. ఏటా మార్చి 3న ప్రపంచ వినికిడి దినం పాటిస్తారు. 2018లో ఐరోపా ప్రాంతానికి పర్యావరణ శబ్ద మార్గదర్శకాలు వచ్చాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్యతో కలిసి వ్యక్తిగత సంగీత పరికరాలకు సురక్షిత శ్రవణ ప్రమాణాన్ని రూపొందించారు. పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్‌లకు సమానమైన మోతాదు అందులో హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం 43 కోట్ల మందికి పైగా ప్రజలకు వినికిడి లోపానికి పునరావాస సేవలు అవసరం.

5. ప్రజా కార్యక్రమాలు: అంతర్జాతీయ ధ్వని సంవత్సరం

యునెస్కో తీర్మానం వెలుగులో ఐసీఏ, ‘లా సెమేన్ ద్యు సోన్’ కలిసి 2020ని అంతర్జాతీయ ధ్వని సంవత్సరంగా నిర్వహించాయి. 2020 జనవరి 31న పారిస్‌లోని సోర్బోన్ విశ్వవిద్యాలయంలో ప్రారంభ సభ జరిగింది. కోవిడ్ వ్యాప్తితో అనేక కార్యక్రమాలు ఆగిపోవడంతో గడువును 2021 వరకు పొడిగించారు. జాతీయ సంఘాలు ఉపన్యాసాలు, ప్రదర్శనలు, పాఠశాల విద్యార్థులకు పోటీలు నిర్వహించాయి.

2015 అంతర్జాతీయ కాంతి సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ప్రకటించింది. ధ్వని సంవత్సరానికి మాత్రం శాస్త్ర సంస్థలే చొరవ తీసుకున్నాయి.

6. వర్గీకరణ, వృత్తి హోదా

గ్రంథాలయాల దశాంశ వర్గీకరణల్లో భౌతికశాస్త్రం కింద 534 సంఖ్య ధ్వనికి కేటాయించారు. అమెరికన్ భౌతికశాస్త్ర సంస్థ రూపొందించిన భౌతిక, ఖగోళ శాస్త్రాల వర్గీకరణలో 43వ విభాగాన్ని ధ్వనిశాస్త్రానికి కేటాయించారు. పరిశోధన పత్రాలు దొరకడానికి, సమీక్షకులను ఎంచుకోవడానికి ఇటువంటి సంఖ్యలు ఉపయోగపడతాయి. బ్రిటన్‌లో 1974లో ఏర్పడిన ధ్వనిశాస్త్ర సంస్థ తన సభ్యులను ఇంజనీరింగ్ మండలి గుర్తింపు పొందిన చార్టర్డ్ ఇంజనీర్లుగా నమోదు చేయగలదు. ఇది వృత్తిపరమైన గుర్తింపునకు ఉదాహరణ.

గుర్తింపు పనిచేసే తీరు: శబ్ద మాపకం ఉదాహరణ

అంతర్జాతీయ సంస్థల నిర్ణయాలు రోడ్డు మీది కొలతకు ఎలా చేరతాయో శబ్ద మాపకంలో చూడవచ్చు. వినికిడి ఆరంభ స్థాయికి దగ్గరగా ఉన్న 20 మైక్రోపాస్కల్ పీడనాన్ని గాలిలో ధ్వని స్థాయికి ఆధారంగా దేశాలన్నీ అంగీకరించాయి. మాపకం ఎంత కచ్చితంగా ఉండాలో ఐఈసీ 61672 ప్రమాణం చెబుతుంది. పరికరాలను దానిలో మొదటి, రెండో తరగతులుగా విభజించారు. చెవి వేర్వేరు పౌనఃపున్యాలకు వేర్వేరుగా స్పందిస్తుంది కనుక, ఆ తేడాను అనుసరించే ‘ఎ’ వెయిటింగ్ కూడా దానిలో నిర్దిష్టంగా ఉంటుంది.

కొలత మొదలుపెట్టే ముందు సాంకేతిక నిపుణుడు మైక్రోఫోను మీద కాలిబ్రేటర్ అనే చిన్న గొట్టాన్ని తొడుగుతాడు. అది 1,000 హెర్ట్జ్ వద్ద 94 డెసిబెల్‌ల స్వరాన్ని, అంటే దాదాపు 1 పాస్కల్ పీడనాన్ని, ఇస్తుంది. మాపకం అంకె దానితో సరిపోకపోతే సరిచేస్తాడు. ఆ కాలిబ్రేటర్‌ను గుర్తింపు పొందిన ప్రయోగశాల పరీక్షిస్తుంది. ప్రయోగశాల తన ప్రామాణిక మైక్రోఫోన్లను జాతీయ ప్రమాణంతో పోల్చుకుంటుంది. భారతదేశంలో ఈ బాధ్యత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. మైక్రోఫోన్లను జంటలుగా ఎదురెదురుగా ఉంచి, ఒకటి ధ్వనిని పుట్టిస్తే మరొకటి గ్రహించేలా చేసి, విద్యుత్ కొలతల ద్వారా వాటి సున్నితత్వాన్ని లెక్కించే అన్యోన్య పద్ధతి ప్రాథమిక ప్రమాణానికి ఆధారం. ఈ గొలుసు తెగకుండా ఉన్నంతవరకు హైదరాబాద్‌లో నమోదైన 70 డెసిబెల్‌లను, బెర్లిన్‌లో నమోదైన 70 డెసిబెల్‌లను పోల్చడం సాధ్యమవుతుంది.

ప్రాంతీయ, ప్రత్యేక సంస్థలు

ఐసీఏతో పాటు అనేక సంస్థలు ఈ రంగంలో పనిచేస్తున్నాయి.

శబ్ద నియంత్రణ ఇంజనీరింగు అంతర్జాతీయ సంస్థ (ఐ–ఇన్స్): 1974లో ఏర్పడింది. 1972లో వాషింగ్టన్‌లో మొదలైన ఇంటర్–నాయిస్ మహాసభలను నిర్వహిస్తుంది.

ఐరోపా ధ్వనిశాస్త్ర సంఘం: 1992లో ఏర్పడింది. ఐరోపా దేశాల జాతీయ సంఘాల సమాఖ్య.

ఐబీరో–అమెరికన్ ధ్వనిశాస్త్ర సమాఖ్య: స్పానిష్, పోర్చుగీసు మాట్లాడే దేశాల సంఘాల వేదిక.

అంతర్జాతీయ ధ్వని, కంపన సంస్థ: 1995లో ఏర్పడింది. ధ్వని, కంపనాల ఇంజనీరింగు దీని ప్రధాన అంశం.

పశ్చిమ పసిఫిక్ ధ్వనిశాస్త్ర కమిషన్ (వెస్పాక్): ఆసియా, ఆస్ట్రేలియా ప్రాంత సంఘాల వేదిక. దీని సభ 2018లో న్యూఢిల్లీలో జరిగింది.

వీటి కార్యక్రమాలు కొంతవరకు ఐసీఏతో కలిసిపోతాయి. తేదీలు, అంశాలు ఢీకొనకుండా చూడటం, విజ్ఞాన మండలి వంటి వేదికల ముందు ఉమ్మడి గొంతు వినిపించడం ఐసీఏ నిర్వహించే సమన్వయ పాత్ర.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

భారతీయ ధ్వనిశాస్త్ర సంఘం 1971లో ఏర్పడింది. ఈ సంఘం పత్రికను ప్రచురిస్తుంది, జాతీయ గోష్ఠులు నిర్వహిస్తుంది, ఐసీఏలో భారత ధ్వనిశాస్త్రవేత్తలకు ప్రాతినిధ్యం వహిస్తుంది. ఐయూపీఏపీ, అంతర్జాతీయ విజ్ఞాన మండలిలలో దేశం తరఫున సభ్యత్వం భారత జాతీయ విజ్ఞాన అకాడమీది.

సంఘం ఏర్పడటానికి అర్ధ శతాబ్దం ముందే భారతీయ పరిశోధన అంతర్జాతీయ దృష్టిని ఆకర్షించింది. విశాఖపట్నంలోని ఏవీఎన్ కళాశాలలో చదువుకున్న సి.వి. రామన్, కలకత్తాలో తొలి దశలో వాద్యాల ధ్వనిపై విస్తృతంగా పనిచేశారు. మృదంగం, తబలా చర్మం నడుమ వేసే నల్లటి పూత బరువు వల్ల అతిస్వరాలు మూల స్వరానికి పూర్ణాంక నిష్పత్తులకు దగ్గరగా వస్తాయని, అందుకే ఆ వాద్యాలు శ్రుతిబద్ధంగా పలుకుతాయని 1920లో వెలువడిన పత్రం చూపించింది. సాధారణ గుండ్రని చర్మపు డోలుకు ఈ గుణం ఉండదు. 1935–36లో రామన్, నాగేంద్రనాథ్ అతిధ్వనుల వల్ల కాంతి వివర్తనం చెందడాన్ని వివరించే సిద్ధాంతాన్ని రూపొందించారు. రామన్–నాథ్ పేరుతో అది నేటికీ పాఠ్యగ్రంథాల్లో ఉంది.

కృష్ణా జిల్లాకు చెందిన సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా ఉన్న కాలంలో వాల్తేరు అతిధ్వనుల పరిశోధనకు కేంద్రంగా ఎదిగింది. స్ఫటికాల స్థితిస్థాపక గుణాలను అతిధ్వనులతో కొలిచే పని అక్కడ సాగింది. విశాఖపట్నంలో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన నౌకా శాస్త్ర, సాంకేతిక ప్రయోగశాల కూడా ఉంది. నీటి అడుగు ఆయుధ వ్యవస్థలకు సముద్ర ధ్వనిశాస్త్రం అవసరమైన విద్య.

శబ్ద నియంత్రణకు కేంద్ర ప్రభుత్వం 2000లో శబ్ద కాలుష్య నియమాలు తెచ్చింది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. వాణిజ్య ప్రాంతాల్లో 65, 55. పారిశ్రామిక ప్రాంతాల్లో 75, 70. ఆసుపత్రులు, బడుల చుట్టూ ఉండే నిశ్శబ్ద మండలాల్లో 50, 40 డెసిబెల్‌లు హద్దులు. 2011లో మొదలైన జాతీయ పరిసర శబ్ద పర్యవేక్షణ జాలంలో తొలి ఏడు నగరాల్లో హైదరాబాద్ ఒకటి.

ప్రాముఖ్యం

అంతర్జాతీయ గుర్తింపు వల్ల ధ్వనిశాస్త్రానికి మూడు ప్రయోజనాలు కలిగాయి. మొదటిది, వేర్వేరు శాఖల్లో పనిచేసేవారికి ఉమ్మడి పరిభాష, ఉమ్మడి వేదిక ఏర్పడ్డాయి. గర్భస్థ శిశువును చూపే అతిధ్వని యంత్రం మీద పనిచేసే ఇంజనీరు, తిమింగలాల కూతలు వినే సముద్ర శాస్త్రవేత్త ఒకే సభలో ఒకే తరంగ సమీకరణం ఆధారంగా మాట్లాడుకోగలరు. రెండోది, శబ్ద చట్టాలకు, భవన నిబంధనలకు, వినికిడి పరీక్షలకు వివాదానికి తావులేని కొలతల ఆధారం దొరికింది. మూడోది, సంఘాలు చిన్నవిగా ఉన్న దేశాల పరిశోధకులకు ప్రపంచ వేదిక అందుబాటులోకి వచ్చింది.

పరిమితులు, చర్చనీయాంశాలు

ధ్వనిశాస్త్రానికి అంతర్జాతీయ విజ్ఞాన మండలిలో ఉన్నది అనుబంధ హోదా. భౌతిక, రసాయన శాస్త్రాల సమాఖ్యలకు ఉన్న పూర్తి సభ్యత్వం కాదు. స్వతంత్ర సమాఖ్యగా నిలవడం ప్రత్యేకతను పెంచుతుంది. మాతృశాస్త్రాలతో అనుబంధం వాటి విశ్వవిద్యాలయ శాఖలతో, నిధులతో సంబంధాన్ని నిలుపుతుంది. ఐసీఏ ఈ రెంటినీ కలిపి నడిచే మార్గాన్ని ఎంచుకుంది.

ధ్వనిశాస్త్రానికి నోబెల్ బహుమతుల్లో ప్రత్యేక విభాగం లేదు. రేలీకి 1904లో ఆర్గాన్ ఆవిష్కరణకు, రామన్‌కు 1930లో కాంతి పరిక్షేపణకు బహుమతులు వచ్చాయి. అంతర్‌కర్ణంలో ధ్వని తరంగాల కదలికను వివరించిన గెయార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో వైద్యశాస్త్ర విభాగంలో బహుమతి లభించింది. ఈ రంగపు కృషి తరచు ఇతర శాస్త్రాల పేరిట నమోదవుతుందనడానికి బెకెషీ బహుమతి ఉదాహరణ.

ప్రమాణాల అమలు దేశాలను బట్టి మారుతుంది. అంతర్జాతీయ ప్రమాణాలు వాటంతట అవే చట్టాలు కావు. ఒక దేశం వాటిని తన ప్రమాణంగా స్వీకరించి, నియమాల్లో పేర్కొన్నప్పుడే వాటికి చట్టబలం వస్తుంది. ఆ పైన మాపకాలు, శిక్షణ పొందిన సిబ్బంది, క్రమం తప్పని కాలిబ్రేషన్ ఉంటేనే హద్దులను అమలు చేయడం వీలవుతుంది. అందువల్ల జాతీయ సంఘాల విద్యా కార్యక్రమాలు, ప్రయోగశాలల విస్తరణ అంతర్జాతీయ గుర్తింపుతో సమానమైన ప్రాధాన్యం గల విషయాలు.

ఇవి కూడా చూడండి

అతిధ్వనులు; అనునాదం; డెసిబెల్; ప్రతినాదం; రామన్, సి.వి.; వినికిడి; శబ్ద కాలుష్యం; శ్రుతి; సోనార్; సూరి భగవంతం.